నెత్తురు ఎక్కడ గడ్డకట్టాలి, ఎక్కడ కట్టకూడదు
(మేళ్లచెరువులో పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ అనేది యజమాని దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఆ సంగతులు పెద్దలు ఇప్పటికే చెప్పారు. బకాయిల లెక్కలు కార్యదర్శిగారు చెప్పారు. నాకు అప్పగించింది ఆరోగ్య విషయం. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తేనే గదా పెన్షన్! ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే చెయ్యి సక్రమంగా ఆడాలంటే ఏం చూసుకోవాలో నాకు తెలిసినంతలో చెబుతాను. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి, గాజు గొట్టాల్లో నెత్తురు పట్టి చూసినవాణ్ణి. అందుచేత నెత్తురు గురించే మాట్లాడతాను.

ఇక్కడ కూర్చున్నవారిలో 'రక్తం పలచబడే మాత్ర' వేసుకునేవాళ్లు చేతులెత్తండి అంటే సగం మంది ఎత్తుతారు. ఆ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారంటే మాత్రం జవాబులు రకరకాలుగా వస్తాయి. నిజానికి ఆ మాత్రలు నెత్తురును పలచబరచవు. పాలలో నీళ్లు కలిపినట్టు కాదు అది. నెత్తురు గడ్డకట్టే గుణాన్ని కొంత తగ్గిస్తాయి, అంతే. ఆ గుణం ఏమిటో తెలిస్తే మాత్ర విలువ తెలుస్తుంది.

మన ఒంట్లో సుమారు 5 లీటర్ల నెత్తురు ఉంటుంది. పుట్టింది మొదలు అది ద్రవంగా పారుతూనే ఉండాలి. ఎక్కడైనా తెగితే మాత్రం నిమిషాల్లో అక్కడ గట్టిపడాలి. అక్కడే గట్టిపడాలి, పక్కకు పాకకూడదు. గాయం మానాక ఆ గడ్డ కరిగిపోవాలి. ఈ నాలుగు పనులూ మనకు తెలియకుండానే జరిగిపోతుంటాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రాణం మీదికి వస్తుంది.

మనమంతా సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఎరిగినవాళ్లం. కాలువకు గండి పడితే ఏం చేస్తారు? ముందు పైన నీళ్లు తగ్గిస్తారు. తర్వాత చేతికందిన ఇసుక బస్తాలు వేస్తారు. బస్తాలు ఒక్కటే నిలవవు గనక కట్టెలు పాతి, తడికెలు అల్లి బిగిస్తారు. ఒంట్లో జరిగేదీ ఇదే.

కత్తిపీట మీద కూర తరుగుతూ వేలు తెగిందనుకోండి. మొదట తెగిన రక్తనాళం ముడుచుకుంటుంది. పారే నెత్తురు తగ్గుతుంది. వెంటనే రక్తఫలకికలు, అంటే మనం డెంగీ జ్వరాలప్పుడు ప్లేట్‌లెట్లు అని వినే చిన్న చిన్న కణికలు, తెగినచోటుకు అంటుకుంటాయి. ఒక ఘన మిల్లీమీటరు నెత్తురులో ఇవి లక్షన్నర నుంచి నాలుగు లక్షల వరకు ఉంటాయి. ఒక్కొక్కదాని ఆయుష్షు 8 నుంచి 10 రోజులు. ఇవి ఒకదానికొకటి అంటుకుని, మరికొన్నిటిని రమ్మని పిలుస్తాయి. ఇవి మన ఇసుక బస్తాలు.

తడికె అల్లే పని వేరే ఉంది. నెత్తురులో ఫైబ్రినోజన్ అనే మాంసకృత్తు కరిగి తిరుగుతూ ఉంటుంది. థ్రాంబిన్ అనేది దాన్ని తాకితే ఫైబ్రిన్ దారాలుగా మారుతుంది. ఆ దారాలు వలలాగా అల్లుకుని ఫలకికలను, ఎర్రకణాలను బిగించి పట్టుకుంటాయి. ఆ వలే గడ్డ. మా రోజుల్లో ఆపరేషనుకు ముందు బి.టి., సి.టి. అని రాసిచ్చేవారు గుర్తుందా? సి.టి. చూడటానికి సన్నని గాజు నాళికలో నెత్తురు పట్టి, అర నిమిషానికొక ముక్క చొప్పున విరిచేవాళ్లం. ఒక్కసారిగా రెండు ముక్కల మధ్య సన్నని దారం సాగుతూ కనిపించేది. అదే ఫైబ్రిన్. కంటితో చూడగలిగే దారం.

మరి థ్రాంబిన్ ఎక్కడిది? అది ఎప్పుడూ తయారుగా తిరుగుతూ ఉంటే నెత్తురంతా గడ్డకడుతుంది. అందుకని ప్రోథ్రాంబిన్ అనే నిద్రాణ రూపంలో ఉంటుంది. దాన్ని లేపడానికి మరొకటి, ఆ మరొకదాన్ని లేపడానికి ఇంకొకటి, ఇలా వరుస ఉంది. వీటికి 1 నుంచి 13 వరకు రోమన్ అంకెలు వేశారు. 6వ అంకె మాత్రం ఇప్పుడు లేదు. అది 5వదాని మరో రూపమేనని తేలడంతో తీసేశారు. 4వది కాల్షియం. మన ఊరి చుట్టూ సిమెంటు కర్మాగారాలను నిలబెట్టిన సున్నపురాయిలో ఉండే ఆ కాల్షియమే నెత్తురు గడ్డకట్టడానికీ కావాలి. రక్తనిధిలో సీసాకైనా సంచికైనా సిట్రేటు కలిపేది ఆ కాల్షియాన్ని పట్టి ఉంచి, గడ్డకట్టనీయకుండా చేయడానికే. ఇక 2, 7, 9, 10 కారకాలను కాలేయం తయారుచేయాలంటే 'కె' విటమిన్ ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఈ వరుస వల్ల లాభమేమిటంటే, పైమెట్టులో ఒకటి లేస్తే అది కిందిమెట్టులో అనేకం లేపుతుంది. చిటికెడు కదలిక చివరికి వరదవుతుంది. అంత వరద ఆగేదెలా? ఇదే అసలు విచిత్రం. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళం లోపలి పొర గడ్డను రానివ్వదు. ఫలకికలను అంటుకోనివ్వని పదార్థాలను అది విడుదల చేస్తూ ఉంటుంది. గాయం దగ్గర పుట్టిన థ్రాంబిన్ కొట్టుకుపోయి మంచి పొరను తాకిందనుకోండి, అక్కడ దాని బుద్ధే మారుతుంది. ఆ పొర మీది ఒక పదార్థంతో కలిసి ప్రోటీన్ సి అనేదాన్ని లేపుతుంది. ప్రోటీన్ సి వెళ్లి 5వ, 8వ కారకాల పని కట్టిస్తుంది. అంటే గండి దగ్గర 'బస్తాలు వేయండి' అని కేకవేసిన మేస్త్రీయే, మంచి గట్టు దగ్గరకు రాగానే 'ఇక చాలు' అంటాడన్నమాట. ఇది కాక యాంటీథ్రాంబిన్ అనే కాపలాదారు తప్పించుకు తిరిగే థ్రాంబిన్‌ను పట్టి బంధిస్తుంది. హెపారిన్ ఇంజెక్షను ఈ కాపలాదారుకే బలమిస్తుంది. చివరికి గాయం మానాక ప్లాస్మిన్ వచ్చి ఫైబ్రిన్ దారాలను తునకలు చేస్తుంది. గండి పూడి గట్టు గట్టిపడ్డాక అడ్డం తీసేసినట్టు.

ఇంతవరకు పాఠంలాగా ఉంది. ఇప్పుడు నేను చూసింది చెబుతాను.

1990 ప్రాంతంలో నేనొక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వరికోతల కాలం. ఒకరోజు ఉదయం ఎడ్లబండి మీద ఒక రైతుకూలీని తెచ్చారు. వయసు నలభై లోపే. ముందురోజు సాయంత్రం చేలో రక్తపింజర కరిచింది. రాత్రంతా మంత్రం వేయించారు. కాలికి తాడు బిగించి కట్టారు. కాటు దగ్గర బ్లేడుతో గాట్లు పెట్టారు. ఆ గాట్లలోంచి నెత్తురు రాత్రినుంచీ ఆగలేదు. చిగుళ్లలోంచి కూడా వస్తోంది. డాక్టరుగారు నన్ను పిలిచి, కొత్త గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల నెత్తురు తీసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి చూడమన్నారు. గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఇరవయ్యో నిమిషాన గొట్టం వంచితే నీళ్లలాగా జారింది. విరుగుడు మందు ఎక్కించారు. ఆరు గంటల తర్వాత చూస్తే మళ్లీ నీళ్లే. మళ్లీ ఎక్కించారు. అప్పటికే మూత్రం ఆగిపోయింది. హైదరాబాదు పంపారు. ఆయన తిరిగి రాలేదు.

బండి దగ్గర ఆయన భార్య నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "సారూ, పసరు పెట్టినం, కట్టు కట్టినం. నెత్తురు గడ్డగట్టదేంది సారూ?" అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. 'విషం వల్లనమ్మా' అన్నాను. తర్వాత పుస్తకాలు వెతికి తెలుసుకున్నాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

రక్తపింజరకు ఇంగ్లీషులో రస్సెల్ వైపర్ అని పేరు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమితుడయ్యాడు. కోరమాండల్ తీరపు పాములమీద పెద్ద గ్రంథం రాసి 1796లో అచ్చువేశాడు. అందులో పాములకు మన తెలుగు పేర్లే ఇచ్చాడు. ఈ పాముకు ఆయన రాసుకున్న పేరు 'కాటుక రేకుల పొడ'. గోధుమరంగు ఒంటిమీద నల్లటి అంచులతో వరసలుగా ఉండే మచ్చలు చూసినవాళ్లకు ఆ పేరు ఎంత సరిగ్గా అతికిందో అర్థమవుతుంది. మన పల్లెవాళ్లు పెట్టిన పేరు లండనులో అచ్చయింది.

ఈ పాము విషం నెత్తురును గడ్డకట్టనీయదని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదట జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. విషంలో ఒక పదార్థం సరాసరి 10వ కారకాన్ని లేపుతుంది, మరొకటి 5వదాన్ని లేపుతుంది. గండి ఒక్కచోట కూడా లేకుండానే ఒళ్లంతా 'బస్తాలు వేయండి' అన్న కేక మొదలవుతుంది. ఎక్కడపడితే అక్కడ చిన్నచిన్న గడ్డలు పుట్టి కరుగుతుంటాయి. మూత్రపిండాలు దెబ్బతినడానికి ఇదొక కారణం. కొద్ది గంటల్లో ఫైబ్రినోజన్ నిల్వ అంతా ఖర్చయిపోతుంది. ఇక నిజంగా గాయమున్న చోట అల్లడానికి దారమే మిగలదు. అందుకే గొట్టంలో నెత్తురు నీళ్లలాగా నిలబడింది. అందుకే బ్లేడు గాట్లు ఆగలేదు. ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇది. విరుగుడు మందు విషాన్ని కట్టివేస్తే, కాలేయం కొత్త కారకాలు తయారుచేయడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అందుకే ఆరు గంటలకోసారి గొట్టం చూస్తారు. ఆలస్యమైన ప్రతి గంటా ఆ నిల్వలోంచి, ఆ మూత్రపిండాల్లోంచి పోతుంది.

ఇదే విషం మేలు కూడా చేసింది. పుట్టుకతోనే 8వ కారకం కొరవడి, చిన్న గాయానికే నెత్తురు ఆగని జబ్బును హీమోఫిలియా అంటారు. 1934లో లండనులో మాక్‌ఫార్లేన్ అనే వైద్యుడు, బర్జెస్ బార్నెట్ అనే పాముల నిపుణుడు కలిసి, బాగా పలచన చేసిన రక్తపింజర విషాన్ని అటువంటి రోగుల గాయం మీద పూస్తే నెత్తురు ఆగుతుందని చూపారు. విషం 8వ మెట్టు ఎక్కకుండానే నేరుగా 10వ మెట్టు దగ్గర పనిచేస్తుంది గనక అది సాధ్యమైంది. ముప్పై ఏళ్ల తర్వాత, 1964లో, గడ్డకట్టడమంతా ఒకదాన్నొకటి లేపే మెట్ల వరుస అని సిద్ధాంతీకరించినవారిలో ఆ మాక్‌ఫార్లేన్ ఒకరు. పలచన చేసిన ఆ విషంతో చేసే రక్త పరీక్ష ఒకటి ఈనాటికీ పెద్ద ల్యాబుల్లో ఉంది.

ఇక మన మాత్రల సంగతి. గాయం లేనిచోట గడ్డ ఎందుకు కడుతుంది? 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు విర్ఖో ఆలోచనల నుంచి వచ్చిన మూడు కారణాలే ఇప్పటికీ చెబుతారు. ఒకటి, నాళం లోపలి పొర చెడటం. రెండు, నెత్తురు పారక నిలవడం. మూడు, నెత్తురులోనే తేడా రావడం.

గుండెనాళాల్లో కొవ్వు పేరుకుని పొర పగిలితే అక్కడికి మొదట పరుగెత్తేవి ఫలకికలు. అందుకని అక్కడ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి ఇస్తారు. అవి ఫలకికల జిగటను తగ్గిస్తాయి. ఆస్పిరిన్ తగిలిన ఫలకిక చచ్చేదాకా అలాగే ఉంటుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో పైగదిలో నెత్తురు నిలుస్తుంది; అక్కడ ఫైబ్రిన్ గడ్డ కట్టి మెదడుకు ఎగిరిపోతే పక్షవాతం. లోహపు కవాటం పెట్టుకున్నవారికీ ఇటువంటి భయమే. వీరికి తడికె అల్లే పనిని తగ్గించే మందు కావాలి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ ఆ కోవకు చెందినవి.

వార్ఫరిన్ పుట్టుక రైతుల కథే. 1920లలో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయానికే నెత్తురు కారి చనిపోసాగాయి. అవి తిన్నది వానకు తడిసి బూజు పట్టిన క్లోవర్ మేత. క్లోవర్ అంటే మన పిల్లిపెసరలాంటి పశుగ్రాసం. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌కు చెందిన ఒక రైతు మంచు తుపానులో చనిపోయిన పెయ్యనూ, బూజు గడ్డినీ, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురునూ బండిలో వేసుకుని విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరకు వెళ్లాడు. ఆరేళ్లు శ్రమించి 1939లో ఆయన బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని నమూనాలోనే చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది, 1954లో మనుషుల మందు అయింది. ఇందాక గుర్తుంచుకోమన్న 'కె' విటమిన్ పనికే ఇది అడ్డుపడుతుంది. ఎలుకల మందంటే భయపడకండి. మోతాదులోనే మందైనా విషమైనా. ఆ మోతాదు చూడటానికే ఐ.ఎన్.ఆర్. పరీక్ష. గుండె లయ తప్పినవారికి సాధారణంగా అది 2కు, 3కు మధ్య ఉండేలా చూస్తారు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. నాకు గుండె లయ తప్పే జబ్బు ఉంది. వార్ఫరిన్ వేసుకుంటున్నాను. రిటైరైన కొన్నేళ్లకు పన్ను తీయించుకోవాల్సి వచ్చింది. నెత్తురు ఆగదేమోనని నాకు నేనే మాత్ర ఆపేశాను. డాక్టరును అడగలేదు. ముప్పై ఏళ్లు గొట్టాలు వంచినవాణ్ణి, నాకు తెలియదా అనుకున్నాను. పన్ను తీశారు, నెత్తురు చక్కగా ఆగింది. మాత్ర మళ్లీ మొదలుపెట్టడం వాయిదా వేశాను. పదో రోజు తెల్లవారుజామున మంచినీళ్ల చెంబు అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. మా ఇంటావిడ క్షణం ఆలస్యం చేయలేదు. 'కాసేపు పడుకుంటే తగ్గుతుంది' అని నేనంటున్నా వినకుండా పక్కింటి అబ్బాయి కారు ఎక్కించింది. ఈనాడు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే ఆవిడ చలవ. చెయ్యి చాలావరకు వచ్చింది. కాని మునుపటి దస్తూరీ రాలేదు. లైఫ్ సర్టిఫికెట్ మీద నా సంతకం చూసి బ్యాంకులో 'ఇది మీదేనా?' అని అడుగుతారు. నాదేనండీ, నేను చేసుకున్నదే.

కనుక మిత్రులారా, ఈ నాలుగు మాటలు ఇంటికి తీసుకువెళ్లండి.

ఆ మాత్రలు మీకు మీరుగా ఆపవద్దు, పెంచవద్దు. పన్ను తీయాల్సి వచ్చినా, ఆపరేషను అన్నా ముందుగా మందు రాసిన డాక్టరును అడగండి. ఐ.ఎన్.ఆర్. సరిగా ఉంటే చాలా సందర్భాల్లో మాత్ర ఆపకుండానే పన్ను తీస్తారు. ఇప్పుడు అపిక్సబాన్, డాబిగాట్రాన్ వంటి కొత్త మాత్రలూ వచ్చాయి. వాటికి ఐ.ఎన్.ఆర్. చూడనక్కరలేదు గాని, లోహపు కవాటం ఉన్నవారికి అవి పనికిరావు. పక్కింటాయన మాత్ర మనకు మందు కాదు.

వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారు ఆకుకూరలు మానవద్దు. తోటకూర, పాలకూర, మునగాకులో 'కె' విటమిన్ ఉంటుంది. ఒక వారం అసలు తినక, మరో వారం రోజూ తింటే లెక్క తప్పుతుంది. రోజూ ఒక తీరుగా తినండి. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు వేసుకోవద్దు. మలం తారులాగా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పడుకోవద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటల గడువే ఉంది. ఏ వేళకు మొదలైందో గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి. దూరప్రయాణం చేసేటప్పుడు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. బస్సులో కుదరకపోతే కూర్చున్నచోటే పాదాలు ఆడించండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే చూపించుకోండి.

పాము కరిస్తే తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మన పొలాల్లో పనిచేసేవారికి ఈ మాట మనమే చెప్పాలి. రాత్రిపూట చేలోకి టార్చిలైటు, కాళ్లకు చెప్పులు లేకుండా పంపవద్దు.

ఆనాడు బండి పక్కన నిలబడ్డ ఆ తల్లికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. జవాబు తెలిసిన తర్వాత కూడా నా విషయంలో నేనే తప్పు చేశాను. మీరు చేయకండి. వచ్చే డిసెంబరు 17న మళ్లీ మనమందరం ఇదే సభలో, ఇదే సంఖ్యలో కలుసుకోవాలని కోరుకుంటున్నాను.